అమ్మకో నూగు సంచి

పుష్య శుద్ధ దశమి, నర్సీపట్నం

కొండ దారి పట్టేవాళ్లు రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టుకోవాలన్నది మజిలీల నియమం. ఏదైనా జరిగితే వెనక వచ్చేవాళ్లకి ఆనవాలు దొరుకుతుందని. మేం ఎక్కేది రేపే అయినా ఇవాళే మొదలుపెడుతున్నాను. ఇవాళ జరిగింది నాకింకా మింగుడుపడలేదు.

నా పేరు చంపక. తాండవ ఒడ్డున టమాటా పందిళ్లలో వెలుగు పలకలు బాగుచేస్తాను. నేను పుట్టకముందే, ఎండలు తాళలేక, ఆకాశానికి పరదా కట్టారు. కింద మాకు బాగానే ఉంది. పగలంతా ముత్యం లోపల బతుకుతున్నట్టుంటుంది. కొండల మీద మాత్రం మంచు పడటం మొదలై ఇక ఆగలేదు. ఆ మంచు ఎంత పేరుకుందో, ఎప్పుడు జారి ఊళ్ల మీద పడేలా ఉందో చెప్పేది తెల్లమెట్ట కేంద్రం. అక్కడ ఇద్దరుంటారు. ఒకరు మా అమ్మ వకుళ. ఇంకొకరు లింగంగారు.

ఆ లింగంగారు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎడమ దవడ వాచి ఉంది. పన్ను పీకించుకోవడానికి కిందికి దిగారట.

"అమ్మగారు రేడియోలో పలకట్లేదండి," అన్నారు. "నేను దిగిన మర్నాడే పైన పెద్ద గాలి. ఆ సాయంత్రం నుంచి ఏటీ లేదు."

"గాలిపడవ పంపరా?"

"మంచుపొగ విడిచేదాకా పంపరట. పడవ తోలు మీద మంచు కట్టేస్తే కూలిపోద్దంటున్నారు. నేను నడిచెళ్తన్నాను. మీతో చెప్పి ఎళ్దామని వచ్చాను."

"నేనూ వస్తాను," అన్నాను. ఆయన వద్దనలేదు. నా చెప్పుల వైపు చూసి, "అవి పనికిరావు," అన్నారు అంతే.

మధ్యాహ్నం సంచుల కోసం దస్తగిరమ్మ కొట్టుకి వెళ్లాం. వాళ్ల తాతలది వినుకొండ వైపు, దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. చలి వచ్చాక ఆవిడ దూది వదిలేసి, కొల్లేటి బాతుల రొమ్ము కింద ఉండే నూగుతో నిద్ర సంచులు కుడుతోంది. కొట్టులో అడుగుపెడితే కాళ్ల చప్పుడు కూడా వినపడదు. గోడల నిండా సంచులు వేలాడుతున్నాయి, బూడిదరంగువీ నీలంవీ, లోపల మనుషులు నిలబడి నిద్రపోతున్నట్టు. గాలిలో నూగు తేలుతోంది. ఒకటి వచ్చి లింగంగారి మీసం మీద వాలింది. ఆయన తుడుచుకోలేదు.

దస్తగిరమ్మ చిటికెడు నూగు తీసి, పిడికిట్లో నలిపి, గాజు జాడీలో వేసింది. అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా విచ్చుకుంటూ జాడీ మూతిదాకా పొంగింది.

"ఇదీ మంచి నూగంటే. పొంగేకొద్దీ లోపల గాలి నిలుస్తది. వెచ్చగా ఉంచేది నూగు కాదమ్మా, ఆ గాలే. నాసిరకం అయితే జాడీ సగానికి కూడా రాదు. ఎవరికి?"

"మా ఇద్దరికీ. ఇంకోటి మా అమ్మకి. పైన ఉంది, తీసుకురావడానికి వెళ్తున్నాం."

"పైన ఎండ ఉండదే. నూగుకి తడి పడదు. పగలు ఆరబెట్టుకునే దారి లేకపోతే మీ ఒంటి ఆవిరే దాన్ని రోజురోజుకీ చంపుద్ది. నారతో నింపినవి కొనుక్కోరాదూ? తడిసినా కాస్త కాపాడతయ్."

లింగంగారు నారసంచిని ఒకసారి ఎత్తి చూసి దించారు. "మూడూ మొయ్యాలి కదండి. ఇయ్యి పట్టుకెళ్తే తిండికి చోటుండదు."

చివరికి నూగుకే ఒప్పుకుంది. అమ్మ సంచిని మాత్రం రబ్బరు తిత్తిలో పెట్టి మూతి కరిగించి అంటిస్తానంది. "దాన్ని అక్కడికి చేరేదాకా విప్పొద్దు. మీవి తడిసినా అదొక్కటి పొడిగా ఉంటది." తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మకి చలి ఎక్కువా?"

"అందరికీ ఉన్నంతే."

"అట్టా చెప్తే ఎట్టా. కొందరి ఒళ్లు పొయ్యి. కొందరికి పాదాలు గడ్డలు. ఎల్లకిలా పడుకుంటదా, పక్కకి తిరిగా? ముడుచుకునే వాళ్లకి సన్న సంచి ఇస్తే మోకాళ్ల దగ్గర నూగు నలిగిపోయి అక్కడ చలి దూరుద్ది."

నాన్న పోయాక నన్ను హాస్టల్లో వేసి అమ్మ కొండెక్కింది. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు మంచం నాకిచ్చి తను వంటింట్లో పడుకుంటుంది. నేను లేచేసరికి కాఫీ కాస్తూ ఉంటుంది. అమ్మ నిద్రపోతుండగా నేనెప్పుడూ చూడలేదు.

గోడ వైపు చూస్తూ లింగంగారు అన్నారు. "బోర్లా పడుకుంటారండి. ఒక కాలు పైకి మడుచుకుని. పాదాలు ఎంత మంట దగ్గర పెట్టినా చల్లగానే ఉంటాయి."

కొట్టులో తేలుతున్న నూగు కూడా ఆగినట్టనిపించింది. దస్తగిరమ్మ తల ఎత్తలేదు. "అయితే నడుం దగ్గర వెడల్పుండాల. పాదాల దగ్గర ఇంకో గుప్పెడు నూగు వేస్తాను," అని సూది అందుకుంది.

ఏకాదశి, లంబసింగి మజిలీ

రోజంతా పాత ఘాట్ రోడ్డు మీద నడిచాం. మలుపు తిరిగినప్పుడల్లా చలి ఒక మెట్టు ఎక్కుతోంది. పైకి వచ్చేసరికి సిల్వర్ ఓక్ చెట్లన్నీ తెల్లటి గాజు కట్టుకుని ఉన్నాయి. గాలి వీస్తే దూరంగా ఎవరో గాజులు సవరించుకుంటున్నట్టు చప్పుడు.

లింగంగారు ముందు, నేను వెనక. మనిషి భారీగా ఉంటారు కానీ అడుగు తేలిక. దారి పొడుగునా ఆయన వీపు చూస్తూ ఒకటే ఆలోచించాను. ఆ మాట ఆయన ఎంత మామూలుగా అన్నారు! వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో చెప్పినట్టు.

మజిలీలో పొయ్యి ఉంది. సంచులు రెండూ మంట ముందు వేలాడదీస్తే బాగా పొంగాయి. రబ్బరు తిత్తిని ఆయన తల దగ్గర పెట్టుకున్నారు.

ద్వాదశి, గుడారంలో

ఇక మీదట మజిలీలు లేవు. మంచుపొగ ఎంత దట్టంగా ఉందంటే చెయ్యి చాపితే వేళ్లు కలలోవాటిలా కనిపిస్తున్నాయి. పగలు ఆగినప్పుడు సంచులు విప్పి విదిలించాం. ఆరలేదు సరికదా పైన సన్నటి మంచు పూత పట్టింది.

సాయంత్రం గుడారంలో ఆయన తల అటు, నా తల ఇటు. నా సంచిని తడిమి చూశాను. కుట్టుకీ కుట్టుకీ మధ్య గదుల్లో నూగు అక్కడక్కడ ఉండలు కట్టింది. రెండువేళ్లతో నలుపుతూ ఉండలు విడదీశాను. ఆయన కూడా తనది అలాగే నలుపుకుంటున్నారు. ఇద్దరం బఠాణీలు ఒలుస్తున్నవాళ్లలా చాలాసేపు కూర్చున్నాం.

త్రయోదశి

నూగు ఇంకా చదునైపోయింది. పడుకునేముందు వేడినీళ్ల సీసా పొట్ట దగ్గర పెట్టుకుని, బెల్లం ముక్క తిని దూరుతున్నాను. అయినా తెల్లవారుజామున పళ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి.

ఇవాళ ఇక ఉండలేక అడిగేశాను. "అమ్మ పాదాలు చల్లగా ఉంటాయని మీకెలా తెలుసు?"

ఆయన టీ గిన్నె కింద మంట తగ్గించారు.

"అది నేను చెప్పకూడదండి. ఉగాదికి దిగొచ్చి నీకు తనే చెప్తానన్నారు." 'నీకు' అని నోరు జారినందుకు ఆయనే కంగారుపడ్డారు. "కొట్లో నోరు ఊరుకోలేదు. సంచి సరిపోకపోతే ఎలాగా అని భయమేసింది."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు చలికాలాలు."

మూడు చలికాలాలు అమ్మ నాకు రేడియోలో చెప్పిన కబుర్లు గుర్తు చేసుకున్నాను. మంచు ఎంత పడిందో, పప్పు ఎందుకు ఉడకడం లేదో, కేంద్రం కప్పు మీద ఏ పిట్ట వాలిందో. అన్నిట్లో ఈయన ఉండే ఉంటారు, వాక్యానికి వెనక, కనపడకుండా. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ చలిలో కోపాన్ని ఎక్కువసేపు మోయలేం. టీ తాగాను.

చతుర్దశి

వాగు దాటుతుండగా మంచు పలక విరిగింది. ఆయన నడుందాకా మునిగారు. పైకి లాగేసరికి ఆయన మూట కూడా నీళ్లలోనే ఉంది. రబ్బరు తిత్తి నా వీపు మీద ఉంది కాబట్టి బతికింది.

గుడారం అక్కడే వేశాను. తడి బట్టలు విప్పేసి నా పొడివి చుట్టుకోమని అటు తిరిగి కూర్చున్నాను. ఆయన సంచిని పిండితే చిక్కటి నీళ్లు కారాయి. లోపలి నూగంతా ఒక మూలకి చేరి తడిసిన పిల్లి అంత అయింది. అంత పెద్ద సంచి, అంత పొంగు, పిడికెడు అయిపోయింది.

మొదట ఆయన బాగా వణికారు. నా సంచి ఇచ్చాను. అది కూడా సగం తడే, ఆయన భుజాలు పట్టలేదు. కాసేపటికి వణుకు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు ఆయన గుడారం కప్పు వైపు చూస్తూ మెల్లగా, "గొర్రెలు తోలుకొచ్చేశావా?" అన్నారు. ఎవరితోనో. నవ్వుతూ. వణుకు ఆగడం మంచిది కాదని చిన్నప్పుడు బడిలోనే చెప్పారు.

రబ్బరు తిత్తి తీసి కత్తి పెట్టాను. ఆ చప్పుడుకి ఆయనకి తెలివి వచ్చింది.

"వద్దు. అది వకుళది."

గారు లేదు, ఏమీ లేదు. పేరొక్కటే. ఆ పేరు ఆయన నోట్లో ఎంత అలవాటుగా ఉందో అప్పుడు విన్నాను.

"అది విప్పితే తడిసిపోద్ది. పైన ఆవిడ ఎలా ఉందో."

"మీరిక్కడ చచ్చిపోతే నేను పైకి వెళ్లి అమ్మకేం చెప్పాలి? సంచి మాత్రం పొడిగా తెచ్చానని చెప్పాలా?"

ఆయన నా చెయ్యి పట్టుకోబోయారు. వేళ్లు మడతపడలేదు. కోసేశాను. నలిగి ఉన్న సంచి బయటికి వచ్చి, ఊపిరి పీల్చుకుని, గుడారం నిండా పొంగింది. నీలంరంగు మేఘం ఒకటి దారి తప్పి మా దగ్గరికి వచ్చినట్టుంది. నడుం దగ్గర వెడల్పు కాబట్టి ఆయన పట్టారు. పాదాల దగ్గర వేడినీళ్ల సీసా పెట్టాను. బెల్లం పాకం చెంచాతో పోశాను. చాలాసేపటికి మళ్లీ వణకడం మొదలుపెట్టారు. ఆ వణుకు చూసి నేను ఏడ్చేశాను.

నా తడి సంచిలో ముడుచుకున్నాను. నిద్రో కాదో తెలియదు. వేల బాతులు పరదా కింద ఎగురుతున్నాయి. వాటి రొమ్ముల మీద నూగు లేదు, చర్మం గులాబీ రంగులో ఉంది. అయినా వాటికి చలి లేదు. అమ్మ వాటి మధ్య బోర్లా తేలుతూ వెళ్తోంది, ఒక కాలు మడుచుకుని, చెంప గాలి మీద ఆనించి. నన్ను చూడలేదు. నిద్రపోతోంది. పిలవాలనిపించలేదు నాకు.

పౌర్ణమి, తెల్లమెట్ట

ఆయన తెల్లారి లేచి, సిగ్గుపడుతూ సంచి మడిచారు. కొంచెం తేమ పట్టింది, కానీ పొంగు పోలేదు. నడవగలరా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నడిచారు.

కేంద్రం కనపడేసరికి మధ్యాహ్నం దాటింది. రేడియో స్తంభం మంచు బరువుకి విరిగి కప్పు మీద పడి ఉంది. కప్పు సగం కూలింది. లోపల మంచాల మీద, బల్లల మీద మంచు తెల్లటి దుప్పట్లు పరిచి పెట్టింది. ఎవరూ లేరు.

"వకుళా!" అని ఆయన అరిచారు. "అమ్మా!" అని నేను అరిచాను. రెండు పిలుపులూ గోడలకి కొట్టుకుని ఒకటిగా తిరిగొచ్చాయి.

నేల కింద నుంచి టక్, టక్ అని చప్పుడు. బ్యాటరీల గది. తలుపు మీద పేరుకున్న మంచు పారతో కొట్టి తీశాం. ఇరుకు గది, బ్యాటరీల గోరువెచ్చని వాసన. ఒక మూల, కేంద్రంలోని తెరలన్నీ చుట్టుకుని, చేతిలో చెంచాతో అమ్మ. ఎడమకాలు కర్రకి కట్టి ఉంది. స్తంభం పడినప్పుడు విరిగిందట. పాకుతూ ఇక్కడికి చేరి, నానబెట్టిన అటుకులతో బతికింది.

చెంచా దించకుండా మమ్మల్ని చూసింది. మేం నిజమో కాదో తేల్చుకుంటున్నట్టుంది. తర్వాత ఆయన వైపు తిరిగి బొంగురు గొంతుతో అడిగింది.

"పన్ను పీకించుకున్నావా?"

ఆయన గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పీకించుకోలేదని తల అడ్డంగా ఊపారు.

అమ్మని సంచిలోకి దూర్చాం. పాదాలు పట్టుకుంటే రాయిలా ఉన్నాయి. నేను ఒకటి, ఆయన ఒకటి ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాం. అమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నీకు చెప్దామనే అనుకున్నానే," అంది నాతో.

"తెలుసు. ఉగాదికి."

"కోపమా?"

"దారిలో ఉండేది. వాగులో పడిపోయింది."

అమ్మ నవ్వబోయి నొప్పితో మూలిగింది. "ఈ సంచి తడిగా ఉందేమిటి?"

"ఆయన పడుకున్నారు అందులో."

అమ్మ సంచి అంచు ముక్కు దగ్గరికి లాక్కుని కళ్లు మూసుకుంది. ఆ పగటి వెలుగులోనే నిద్రపోయింది. నేను చూస్తూ కూర్చున్నాను. నోరు కొంచెం తెరిచి నిద్రపోతుంది మా అమ్మ. కనురెప్పలు వణుకుతాయి. ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు, అంత చిన్నదిగా కనిపిస్తుందని.

బహుళ విదియ

నిన్నంతా విరిగిన స్తంభం తీగలతో కుస్తీ పట్టాను. పందిళ్లలో పలకలకి అతుకులేసే పనే ఇదీ, చేతులు గడ్డకట్టడం ఒక్కటే తేడా. సాయంత్రానికి రేడియో పలికింది. మంచుపొగ విడిచింది. ఇవాళ గాలిపడవ వచ్చింది, పాలరంగు ఆకాశంలోంచి చేపలా చప్పుడు లేకుండా.

నడిపే ఆమె కిందికి దిగి మా ముగ్గురినీ చూసి, "ఇద్దరికే చోటు," అంది. "కేంద్రం ఖాళీగా వదలకూడదు కూడా. వారంలో కొత్తవాళ్లని పంపుతారు."

"నేనుంటాను," అన్నారు లింగంగారు. "అమ్మాయిని తీసుకెళ్లండి."

ఆయన వేళ్ల కొసలు నల్లబడుతున్నాయి. దవడ ఇంకా వాచే ఉంది. అమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకుని ఉంది. పట్టుకున్న సంగతి తనకే తెలియదనుకుంటాను.

"మీరు వెళ్లండి," అన్నాను. "అక్కడ అమ్మకి కాలు కదపడానికి మనిషి కావాలి. మీకైతే ఎలా పట్టుకోవాలో తెలుసు. తీగలు నాకొచ్చు. మంచు లెక్క చూడటం నేర్పండి."

"నువ్వొక్కదానివే ఎలా ఉంటావే?" అంది అమ్మ.

"నువ్వెలా ఉన్నావో అలాగే."

లింగంగారు గబగబా అన్నీ చూపించారు. మంచులో దించే కర్ర, గాలి చక్రం, ఏ శబ్దం వస్తే కింద ఊళ్లకి కబురు పెట్టాలో. చివరికి నా తల మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు, అనుమతి తీసుకోలేదన్నట్టు. పడవ లేచింది. ఎవరూ కనపడనంత దూరం వెళ్లేదాకా చెయ్యి ఊపాను.

బహుళ పంచమి

ఉదయం మంచు కర్ర చూసి లోపలికి వస్తుంటే నా ముందు మంచు మీద ఒక గీత పడింది. నల్లటి గీత. నేను కదిలితే అదీ కదిలింది. నా నీడ అని అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అంత నల్లటి నీడ నాకెప్పుడూ లేదు.

తలెత్తాను. పరదాకి అతుకులుంటాయని చదువుకున్నాను. రెండు పొరలు కలిసే చోట ఎప్పుడైనా కాస్త ఎడం వస్తుందట. ఆ ఎడం తెల్లమెట్ట మీదుగా వెళ్తోంది. నీలం. ఏ సంచికీ, ఏ పలకకీ లేని నీలం. దాని మధ్య నుంచి సూర్యుడు ముసుగు లేకుండా నా మొహం మీద చెయ్యి వేశాడు. చెంపలు కాలాయి. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మంచు కొండలన్నీ ఒక్కసారిగా నిద్రలోంచి లేచి ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టున్నాయి.

తర్వాత బుద్ధి వచ్చింది. పరుగెత్తి సంచులు తెచ్చి రాళ్ల మీద పరిచాను. ఆవిరి లేచింది. ఉండలు కట్టిన నూగు ఒక్కో గదిలో కదిలింది, విచ్చుకుంది. నేను వాటి మధ్య కూర్చుని వేళ్లతో నలుపుతూ, తిరగేస్తూ, ఆ ఎండలో కాసేపు కోటు కూడా విప్పేశాను. నీలం ఎంతసేపుందో చెప్పలేను. మళ్లీ ముత్యం రంగు కమ్ముకునేసరికి సంచులు రెండూ నా మోకాలెత్తు పొంగి ఉన్నాయి.

మధ్యాహ్నం రేడియో పలికింది. ఆసుపత్రి నుంచి అమ్మ. కాలికి కట్టు వేశారట. లింగంగారి పన్ను పీకేశారట, రెండు వేళ్లకి మందు రాస్తున్నారట. వెనక నుంచి ఆయన ఏదో గొణగడం వినపడింది. "అటుకులు పై అరలో ఉన్నాయని చెప్పమంటున్నాడు," అంది అమ్మ. 'అంటున్నాడు' అంది. నా ముందు మొదటిసారి.

"చూశాను, తిన్నానని చెప్పు," అన్నాను. "ఆయన్ని ఎక్కువ మాట్లాడొద్దను, కుట్లు ఊడతాయి."

అమ్మ ఊపిరి వదిలిన చప్పుడు కొండలన్నీ దాటి వచ్చింది.

"చంపా, చలేస్తోందా?"

"లేదమ్మా," అన్నాను. "ఇవాళ ఎండ కాసింది."